కర్టెన్ల వ్యాను

ఆ వ్యానును మొదటిసారి చూసినప్పుడు మా తమ్ముణ్ని అక్కడికక్కడే నాలుగు తగిలించాలనిపించింది. కాకుమానులో ఒక రైసుమిల్లు వెనక, రేకుల షెడ్డులో, ఊక బస్తాల మధ్య పడి ఉంది. ఒకప్పుడు బడిపిల్లల్ని తిప్పిన బండి. పసుపు రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. సీట్లను చీల్చి ఎలుకలు కాపురాలు పెట్టాయి. తలుపు లాగితే తలుపు రాలేదు గానీ పిడి ఊడి చేతికొచ్చింది.

"ఏంట్రా ఇది? మీ బావని ఇందులో కూర్చోబెట్టమంటావా? నీ కళ్ళకి ఏమైనా అయిందా?" అన్నాను.

వాడు నవ్వుతూనే, "ఇంజను బంగారం అక్కా. పైకప్పు ఎత్తు చూశావా? బావ తల వంచకుండా ఎక్కొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను.

మావారికి పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి జారింది. మాట ముద్దగా వస్తుంది, నాకూ మా తమ్ముడికీ తప్ప ఎవరికీ అర్థం కాదు. కాళ్ళూ చేతులూ ఆడించడం నేర్పే డాక్టరు బాపట్లలో ఒకాయన ఉన్నాడు, మంచి పేరు. అక్కడికి తీసుకెళ్లడమే ఒక నరకం. ఆటోలో కూర్చోబెడితే కుడివైపుకి ఒరిగిపోతారు, బ్రేకు పడితే ముందుకు జారిపోతారు. నేను ఆయన్ని రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ముందు సీటుకి తన్నిపెట్టి, ఇంటికొచ్చేసరికి నా నడుం విరిగినంత పనయ్యేది.

బస్సులో తీసుకెళ్లొచ్చుగా అని చాలామంది అన్నారు. ఆ మాట నా దగ్గర అన్నవాళ్ళకి రెండోసారి అనే ధైర్యం లేకుండా చేశాను. మావారు ఎర్రబస్సు కండక్టరు. రేపల్లె, తెనాలి, బాపట్ల రోడ్ల మీదే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఇస్త్రీ మడత నలగని ఖాకీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, ఎంత రద్దీలోనూ చిరాకు పడని మొహం. నేను బజారుకి వెళితే, "కండక్టరుగారి తాలూకండీ" అని కూరలవాడు తక్కెడలో ఒక వంకాయ ఎక్కువ వేసేవాడు. అలాంటి మనిషిని, చొంగ కార్చుకుంటూ, ఇద్దరు చంకల్లో చేతులేసి ఎత్తుతుంటే, అదే బస్సు ఎక్కించాలా? అందరూ చూడాలా? చచ్చినా ఎక్కించను అనుకున్నాను. అది ఆయన పరువు కోసమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరి పరువో ఇప్పుడు తెలుస్తోంది.

నేను జాకెట్లు కుడతాను. మా ఇంటి ముందుగదే నా కొట్టు. దాని వెనక గదిలో ఆయన మంచం. జబ్బు చేసిన కొత్తలో పరామర్శకని ఒకటే జనం. మా వైపు పరామర్శంటే ఊరికే వచ్చి వెళ్లడం కాదు. రొట్టె పొట్లం, అరటిపళ్ళు పట్టుకొచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, మొదట్నుంచీ చెప్పమంటారు. ఎప్పుడు పడ్డారు, ఎలా పడ్డారు, ఏ డాక్టరు, ఏమన్నాడు. అంతా విని, ఆ మనిషి అక్కడే వింటుండగా, "అయ్యో, ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు!" అంటారు. తర్వాత మరొకరొస్తే మళ్ళీ మొదట్నుంచీ. ఒకావిడ అయితే ఆయన మూతి వైపు చూసి తన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ, జాకెట్టు కొలతలు ఇస్తూ ఇస్తూ, "ఇలా ఉండేకన్నా దేవుడు తీసుకుపోతేనే నయం కదండీ" అంది. నా చేతిలో కత్తెరుంది. దాన్ని ఎలా కింద పెట్టానో నాకే తెలీదు.

ఆ రోజు ఆవిడతో కోపంగా అనేశాను. "ఆయనకి మనుషులెవరూ గుర్తుండటం లేదండి. మీరెవరో కూడా తెలీదు. లోపలికి రాకండి" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అబ్బ, ఎంత సుఖంగా ఉందో ఆ సాయంత్రం! ఆ మాటకున్న బలం అప్పుడు తెలిసింది. మర్నాడు ఇంకొకరొస్తే మళ్ళీ అదే అన్నాను. గుర్తుపట్టని మనిషిని చూడటానికి ఎవరికీ లోపలికి రావాలనిపించదు. గుమ్మంలోనే రొట్టె పొట్లం నా చేతిలో పెట్టి, తల అడ్డంగా ఆడించి వెళ్లిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ రావడం కూడా మానేశారు. ఆదివారం చర్చిలో అయ్యగారు అందరి ముందూ ఆయన కోసం ప్రార్థన చేశారు, ఆయనకి మనుషుల్ని గుర్తుపట్టే జ్ఞానం తిరిగి ఇమ్మని. జనమంతా ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఎంత సిగ్గులేని నోరు నాది!

ఆయన మతి నిక్షేపంలా ఉంది. నిన్న కూరలో ఉప్పెక్కువైందని ఇవాళ గుర్తు చేసే మతి అది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఒకటి చేశాను. మావారితో కలిసి ఏళ్ల తరబడి ఒకే బస్సు మీద డ్యూటీ చేసిన డ్రైవరు ఒకాయన ఉన్నాడు, రేపల్లె ఆయన. ఒకే క్యారేజీ విప్పుకుని ఇద్దరూ తినేవాళ్ళు. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చిన మనిషి. తర్వాత ఒకరోజు ఫోను చేసి, "సెలవు దొరికింది చెల్లెమ్మా, ఆదివారం వస్తున్నా" అన్నాడు. ఆయన మంచివాడే. కానీ ఆయనొక్కడూ రాడు, డిపో వాళ్ళందరినీ వెంటేసుకుని వస్తాడు. ఆ ఖాకీ చొక్కాలన్నీ మా వెనకగదిలో నిలబడి మావారిని అలా చూడటం నేను ఊహించుకున్నాను.

"రాకన్నయ్యా. ఆయనకి ఎవరూ గుర్తులేరు" అన్నాను.

"నేను కూడానా?" అన్నాడు.

"నువ్వు కూడా" అన్నాను.

మావారు మాత్రం అప్పుడప్పుడూ అడిగేవారు, "వాడు రాలేదా?" అని. "డ్యూటీ కదండీ, ఎక్కడ కుదురుతుంది" అనేదాన్ని. కొన్నాళ్ళకి ఆయనా అడగడం మానేశారు. మొదట్లో కొట్లోకి ఎవరొచ్చినా "ఎవరూ?" అని లోపల్నుంచి కేకేసేవారు. అదీ మానేశారు. నిద్ర ఎక్కువైంది కాబోలనుకున్నాను.

ఇదీ నేను వ్యాను పని మొదలుపెట్టేనాటికి ఉన్న సంగతి. ఆ పని గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు కొంచెం గర్వం వస్తుంది, వెంటనే సిగ్గూ వస్తుంది. మా తెనాలిలోనే ఒక టింకరింగ్ షెడ్డులో బండిని పెట్టించాడు మా తమ్ముడు. నేల రేకు తుప్పు పట్టి అక్కడక్కడా రోడ్డు కనిపించేది. పాత రేకు కోసి కొత్తది అతికించారు. సొట్టలు తీసి, లప్పం పెట్టి, రుద్ది, లేత నీలం రంగు వేశారు. బడిపిల్లల సీట్లన్నీ పీకేయించాను. వాటి కింద విరిగిన పెన్సిళ్ళు, జడపిన్నులు, ఒక చిన్న చెప్పు దొరికాయి.

సీటు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. షాపువాడు తయారుగా ఉన్న సీటు చూపించి, "ఇది అందరికీ సరిపోద్దమ్మా" అన్నాడు. "అందరూ కూర్చోరు బాబూ, మావారు కూర్చుంటారు" అన్నాను. జాకెట్టుకి తీసినట్టే ఆయన కొలతలు తీశాను. మంచం మీద కూర్చోబెట్టి, ఎడమ భుజం ఎంత, కుడి భుజం ఎంత, మోకాలి నుంచి మడమ దాకా ఎంత, ఒరిగినప్పుడు పక్కటెముక ఎక్కడ ఆనుతుంది, అన్నీ టేపుతో కొలిచి సుద్దతో గీసుకున్నాను. ఆయనకి చక్కిలిగిలి పుట్టి మూతి వంకరగా నవ్వారు. కింద కొబ్బరిపీచు పరిచి, దాని మీద గట్టి స్పాంజి, ఆ పైన మెత్తటి స్పాంజి పెట్టాను. కుడివైపు చంక కింద దాకా ఒక నిలువు దిండు కుట్టాను, ఒరిగితే ఒళ్లు దాని మీద ఆగేలా. రెగ్జిన్ అయితే చెమటకి వీపు అంటుకుంటుందని పైన నూలు గుడ్డ తొడుగు వేశాను. విప్పి ఉతుక్కోవచ్చు. కాలు వేలాడకుండా చెక్కపీట బిగించాము. మా తమ్ముడు ఎక్కడో పాత ఆఫీసు కుర్చీ ఒకటి సంపాదించి, దాని కింద తిరిగే ఇనుప పళ్ళేన్ని తీసి సీటుకి వెల్డింగు చేయించాడు. సీటు తలుపు వైపుకి తిప్పి, ఆయన్ని కూర్చోబెట్టి, మళ్ళీ లోపలికి తిప్పి గొళ్ళెం పెట్టేస్తే చాలు.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన ఎడమ చేత్తో దిండుని తడిమి, తడిమి, "బాగుంది" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

గొడవ వచ్చింది ఆ సీటు ఎక్కడ బిగించాలన్న దగ్గరే. ఆయన ఎడమ చెయ్యెత్తి ముందుకు చూపించారు, డ్రైవరుకి ఎడం పక్కకి. అక్కడ పెద్ద అద్దం, రోడ్డంతా కనిపిస్తుంది. "అక్కడ ఎండండీ" అన్నాను. ఆయన మళ్ళీ చూపించారు. "కుదుపు కూడా ఎక్కువ" అన్నాను. మా తమ్ముడు, "ఎండేముంది అక్కా, పైన నీడ పట్టీ ఉందిగా" అన్నాడు. "నువ్వు నోర్ముయ్" అని కసిరి, వెనక మూలన, చక్రం పక్కన బిగించమన్నాను. ఆ పైన కిటికీలకు మందపాటి కర్టెన్లు కుట్టాను. లోపల నల్ల లైనింగు వేసి మరీ కుట్టాను. ఒక్క సందు లేకుండా కుట్టాను. నా జన్మలో అంత నిక్కచ్చిగా ఏ పెళ్ళికూతురి జాకెట్టూ కుట్టలేదు.

బాపట్లకి వారం వారం వెళ్లేవాళ్లం. కర్టెన్లు మూసి ఉన్నా ఆయన ఊరుకునేవారు కాదు. బండి ఒక మలుపు తిరిగితే, కుదుపు వస్తే, "చుండూరు" అనేవారు. కాసేపాగి "పొన్నూరు, పొన్నూరు, దిగేవాళ్లు రండి" అని ముద్దముద్దగా అనేవారు. ముందు నుంచి మా తమ్ముడు, "కరెక్టే బావా!" అని నవ్వేవాడు. కిటికీ వైపు చెయ్యి పోనిస్తే, నేను ఆ చెయ్యి తీసి ఒళ్లో పెట్టేదాన్ని. "దుమ్మండీ" అనేదాన్ని. ఎండ, కుదుపు, దుమ్ము. అబద్ధాలకి నాకు కొదవే లేదు.

మొన్న వేసవి మొదట్లో రేపల్లెలో ఉండే ఆయన అక్కగారికి ఒంట్లో బాగుండలేదని కబురొచ్చింది. తమ్ముణ్ని చూడాలని ఉందట. బయల్దేరాము. వేమూరు దాటాక రైలు గేటు పడింది. మా తమ్ముడు ఇంజను ఆపి కిందికి దిగాడు. మా వెనకే రేపల్లె వెళ్ళే ఎర్రబస్సు ఒకటి వచ్చి ఆగింది. కర్టెను అంచు ఎత్తి చూశాను. స్టీరింగు ముందు ఆ అన్నయ్యే కూర్చుని ఉన్నాడు.

ఆయన మా తమ్ముణ్ని చూడనే చూశాడు. బస్సు దిగి గబగబా వస్తున్నాడు. నేను కిందికి దిగి, తలుపు దగ్గరికి లాగి, దానికి అడ్డంగా నిలబడ్డాను.

"వాడు లోపలున్నాడా చెల్లెమ్మా?"

"పడుకున్నారన్నయ్యా."

"ఒక్కసారి చూసిపోతా. లేపనులే."

"ఎందుకన్నయ్యా, నిన్ను గుర్తుపట్టరు. నీకే బాధ" అన్నాను. ఎంత నెమ్మదిగా, ఎంత జాలిగా అన్నానో! నా గొంతు నాకే నమ్మబుద్ధేసింది.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "వాడు గుర్తుపట్టకపోతే పోనీలేమ్మా. నేను గుర్తుపడతాను కదా" అన్నాడు. నన్ను మెల్లగా పక్కకి జరిపి తలుపు తీశాడు.

మావారు మెలకువగానే ఉన్నారు. "ఏరా, నేనురా" అంటూ ఆయన లోపలికెక్కి, సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మావారు ఆయన్ని చూశారు. తర్వాత ఆయన భుజం మీదుగా నన్ను చూశారు. అంతే, మొహంలో ఏ కదలికా లేకుండా, ఎవరో దారినపోయేవాణ్ని చూసినట్టు చూసి, కర్టెను వైపుకి తల తిప్పుకున్నారు.

ఆ అన్నయ్య జేబులోంచి రుమాలు తీసి, మావారి మూతి తుడిచాడు. చిన్నపిల్లల మూతి తుడిచినట్టు, ఏ అసహ్యమూ లేకుండా తుడిచాడు. పడిపోయిన కుడి చేతిని కాసేపు తన రెండు చేతుల్లో పట్టుకున్నాడు. రైలు వెళ్లిపోయింది, గేటు లేచింది, వెనక బళ్ళు హారన్లు మోగించాయి. ఆయన దిగి వెళ్లాడు. బస్సు మమ్మల్ని దాటుకుని ముందుకు పోయింది.

నేను మావారి పక్కన కూర్చున్నాను. బండి కదిలిన కాసేపటికి ఆయన అన్నారు, "వాడు చిక్కిపోయాడు."

"గుర్తుపట్టారా?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న అది!

"వాణ్ని గుర్తుపట్టకపోవడమేంటి?"

"మరి ఇందాక..."

ఆయనకి ఒక్కో మాటా కూడదీసుకోవడానికి సమయం పడుతుంది. "నువ్వు చెప్పావుగా, నాకెవరూ గుర్తులేరని. కొట్లో చెబుతుంటే మంచం మీదకి వినపడేది" అన్నారు. మళ్ళీ ఊపిరి తీసుకుని, "ఇప్పుడు నేను పలకరిస్తే, వాడి ముందు నువ్వు అబద్ధాలకోరువి అవుతావు" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఎడమ చేత్తో ఒక్కటి కొట్టినా బాగుండేది. మాటకి మాట అనడం నాకు వచ్చు, పోట్లాడటం వచ్చు. ఏడాది పైగా ఈ మనిషి, ముందుగదిలో నేను తన బుర్ర పోయిందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటే, వెనకగదిలో పడుకుని వింటూ, "ఎవరూ?" అని కేక కూడా వేయకుండా నా మాట నిలబెట్టాడు. నిద్రట! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒరేయ్, రేపల్లె బస్టాండుకి పోనీ" అన్నాను మా తమ్ముడితో.

"వదిన ఎదురుచూస్తుంటుంది కదా అక్కా?"

"నేను చెప్పిన చోటికి పోనివ్వరా!"

మావారు, "వద్దు. అందరూ ఉంటారు" అన్నారు. అందరూ ఉంటారనే నేను వెళుతున్నాను. రాడ్డు మీంచి కర్టెన్లు లాగేసి సీటు కిందికి తోశాను. భట్టిప్రోలు దాటి రేపల్లె దాకా ఆయన ఒక్క ఊరి పేరూ పలకలేదు, కళ్లార్పకుండా బయటికే చూస్తూ కూర్చున్నారు.

బస్టాండులో టీకొట్టు ముందు ఖాకీ చొక్కాలు చాలానే ఉన్నాయి. మధ్యలో ఆ అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తాగడం లేదు. వ్యాను దిగి నేరుగా ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"అన్నయ్యా, ఆయనకి అందరూ గుర్తున్నారు. మొదట్నుంచీ గుర్తున్నారు. నేనే అబద్ధం చెప్పాను. ఆయన్ని ఇలా ఎవరూ చూడకూడదని చెప్పాను."

ఒకాయన కళ్ళు దించుకున్నాడు. ఆ అన్నయ్య నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. "ఇందాక నన్ను చూసి మొహం తిప్పుకున్నాడే?" అన్నాడు.

"నా కోసం తిప్పుకున్నారు" అన్నాను.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి, నన్ను దాటుకుని వ్యాను వైపు నడిచాడు. మిగతావాళ్ళూ లేచారు. నేను అందరికంటే వెనక నడిచాను. మా తమ్ముడు అప్పటికే తలుపు తీసి, గొళ్ళెం లాగి, సీటుని బయటికి తిప్పాడు. వాళ్ళందరికీ ఎదురుగా మావారు కూర్చుని ఉన్నారు, మూతి వంకరగా, గడ్డం మీద తడితో.

"ఏరా" అన్నాడు ఆ అన్నయ్య.

మావారు అంతమంది తలల మీదుగా నన్ను వెతుక్కున్నారు. గుర్తుపట్టమంటావా అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. నేను తలూపాక, అప్పుడు స్నేహితుడి వైపు తిరిగి ఎడమ చెయ్యి చాపారు.